మార్కుల సాఫ్ట్‌వేర్‌లో పిల్లల ఫొటోలు: పక్కవాళ్ల ముఖం రాకుండా ఉండాలంటే

ప్రశ్న: మా పాఠశాలలో సుమారు 1,100 మంది విద్యార్థులు. మార్కులు, గ్రేడ్లు నమోదు చేయడానికి పీహెచ్‌పీ అనే వెబ్ ప్రోగ్రామింగ్ భాషతో నడిచే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌ను మా సొంత ఉబుంటు (లినక్స్) సర్వర్‌లో పెట్టుకున్నాం. ఇప్పుడు పిల్లల ఫొటోలు చేరుస్తున్నాం. తల్లిదండ్రులు వాట్సాప్‌లో పంపిన ఫొటోలను సెక్షను మొత్తానికీ ఒకేసారి ఎంచుకుని అప్‌లోడ్ చేస్తే 40 మందిలో 20 మందివే ఎక్కాయి. ఫోను కెమెరాతో మేం తీసినవి ఒక్కటీ ఎక్కలేదు, ఎర్రర్ కూడా చూపించలేదు. ఫొటోగ్రాఫరు ఇచ్చినవాటిని సర్వర్‌లోకి నేరుగా కాపీ చేశాం. వాటిలో కొందరికి ఖాళీ పెట్టె వస్తోంది. 8వ తరగతి బి సెక్షనులో అయితే 17వ నంబరు నుంచి అందరికీ పక్కవాళ్ల ముఖం! తెర మీద నిలువుగా ఉన్న ఫొటో ప్రోగ్రెస్ కార్డులో అడ్డంగా పడుకుంటోంది. అసలు ఫొటోలను డేటాబేస్‌లో పెట్టాలా, ఫోల్డరులోనా? బయటివాళ్లు చూడకుండా ఏం చేయాలి?
— ఒక కంప్యూటర్ ఉపాధ్యాయురాలు

సమాధానం: ముందు 8-బి సంగతి. ఆ సెక్షను ఫొటోలన్నీ ఇప్పుడే తీసేయండి, మిగతాది తర్వాత చూసుకోవచ్చు. ఫొటో లేకపోతే మార్కులు వేసేవాళ్లు పేరు చదివి వేస్తారు. ఫొటో ఉంటే ముఖం చూసి వేసేస్తారు, పేరు వైపు కన్ను పోదు. తరగతికి కొత్తగా వచ్చిన ఉపాధ్యాయులైతే మరీను. ఖాళీ పెట్టె వల్ల ఎవరికీ నష్టం లేదు, పక్కపిల్ల ముఖం వల్ల ఇద్దరి మార్కులు తారుమారవుతాయి. మీరు రాసిన మిగతా ఇబ్బందులన్నీ సెట్టింగులవి, ఒకటి రెండు పూటల్లో తేలిపోతాయి. ఇది మాత్రం సర్వర్‌లో ఎంత వెతికినా దొరకదు. తప్పు ఫొటోలు తీసిన రోజునే జరిగింది.

17 నుంచి అందరూ ఒక్కో స్థానం జరిగారంటే ఎటు జరిగారో చూడండి. 17వ నంబరుకు 18వ నంబరు ముఖం వస్తుంటే, ఆ రోజు 17 బడికి రాలేదు. 17కు 16వ నంబరు ముఖమే మళ్లీ వస్తుంటే, కళ్లు మూసుకున్నారనో కదిలారనో 16ను రెండుసార్లు తీశారు. రెండు సందర్భాల్లోనూ ఫొటోలను వరుసలో పెట్టి, జాబితాను పక్కన పెట్టి, పైనుంచి కిందికి పేర్లు మార్చుకుంటూ పోయారు. ఈ పద్ధతిలో ఒక్క గైర్హాజరు చాలు.

ఇలాంటి తారుమార్లు మరికొన్ని రకాలుంటాయి. మిగతా సెక్షన్లలో కూడా ఉన్నాయేమో ఈ గుర్తులతో వెతకండి. 1 సరిగ్గా ఉండి 2వ వాళ్లకు 10వ వాళ్ల ముఖం, 3వ వాళ్లకు 11వ వాళ్ల ముఖం వస్తుంటే అది వరుస క్రమం తేడా. విండోస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ 1, 2, 3 అని చూపిస్తుంది, లినక్స్ కమాండు అవే ఫైళ్లను 1, 10, 11, 12, ఆ తర్వాతే 2 అని చదువుతుంది. మీరు తెర మీద చూసిన వరుస వేరు, పేర్లు మార్చిన స్క్రిప్టు చూసిన వరుస వేరు. సెక్షను మొత్తం ఏ లెక్కకూ అందకుండా కలగాపులగమైతే ఎక్సెల్‌లో పేర్ల వరుసను మాత్రమే ఎంచుకుని అక్షరక్రమంలో పెట్టి ఉంటారు: పేర్లు కదిలాయి, పక్కనున్న నంబర్లు కదల్లేదు. నిరుటి విద్యార్థుల ముఖాలు ఈ ఏటి వాళ్లకు వస్తుంటే ఫైళ్లకు రోల్ నంబరు పేరుగా పెట్టారన్నమాట. రోల్ నంబరు ఏటా చేతులు మారుతుంది. ఒక సెక్షను మధ్యలో ఉన్నట్టుండి వరుస తెగితే కెమెరా లెక్క 9999 దాటి మళ్లీ 0001కి వచ్చిందేమో చూడండి. చాలా కెమెరాలు అలాగే తిరుగుతాయి.

ఫొటోకు పేరుగా పెట్టాల్సింది సాఫ్ట్‌వేర్ లోపల ప్రతి విద్యార్థికీ ఉండే శాశ్వత సంఖ్య. తరగతి మారినా, సెక్షను మారినా, ఇంటిపేరు సరిచేసినా అది మారదు. పిల్లల పేరే పెడితే ఒకే పేరున్న ఇద్దరు ఒకరి ఫొటో మీద ఒకరు పడతారు. అడ్మిషన్ నంబరు ఫర్వాలేదు కానీ దాని మధ్యలో ఏటవాలు గీత ఉంటే ఫైలు పేరుగా పనికిరాదు, లినక్స్ దాన్ని ఫోల్డరు సరిహద్దుగా చదువుతుంది. సంఖ్య ముందు సున్నాలుంటే ఎక్సెల్‌తో మరో చిక్కు: 00427 అని టైపు చేస్తే 427 చేసి పెడుతుంది. ఆ వరుసను ముందే టెక్స్ట్ రకంగా మార్చాకే నంబర్లు అతికించాలి. తర్వాత మారిస్తే పోయిన సున్నాలు తిరిగి రావు.

ఇక ఫొటోలు తీసే పద్ధతి. తల్లిదండ్రులను పంపమనడం సులువుగా కనిపిస్తుంది గానీ ఎవరి ఫొటో ఎవరిదో మీరు ఒక్కొక్కటే చూసి తేల్చాలి. పైగా వాట్సాప్ ఫొటోను కుదించి, పేరు కూడా మార్చేస్తుంది. బడిలోనే తీయడం మేలు. ప్రతి విద్యార్థికీ అరచేయంత కార్డు మీద శాశ్వత సంఖ్య, పేరు పెద్ద అక్షరాల్లో అచ్చు వేసి ఇవ్వండి. ఒక్కొక్కరికి రెండు ఫొటోలు: మొదటిది గుండెల దగ్గర కార్డు పట్టుకుని, రెండోది కార్డు లేకుండా. ఎవరు రాకపోయినా, ఎవరిని మూడుసార్లు తీసినా ఇక వరుసతో పనే లేదు. ప్రతి ముఖానికీ ముందున్న ఫొటోలోనే నంబరు ఉంటుంది. ఒక్కొక్కరికి అర నిమిషం పడుతుంది. కిటికీకి ఎదురుగా నిలబెట్టి, వెనక సాదా గోడ ఉండేలా చూసుకుంటే ఫ్లాష్ అక్కర్లేదు. కిటికీ వెనకపడితే ముఖం నల్లబడుతుంది. బడి ఫోనునే వాడండి. అందులో లొకేషన్, క్లౌడ్‌లోకి దానంతటదే ఎక్కే బ్యాకప్ రెండూ ఆపేయండి. ఫొటోలను కంప్యూటరులోకి కేబులుతో తీసుకోండి. వాట్సాప్‌లో పంపక తప్పకపోతే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి.

ఐఫోను వాడితే ముందే సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్ తెరిచి 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకోండి. లేకపోతే ఫొటోలు హెచ్ఈఐసీ రకంలో వస్తాయి. ఐఓఎస్ 11 వచ్చిన 2017 నుంచీ ఇదే తీరు. పీహెచ్‌పీలో ఫొటోలను కుదించే జీడీ భాగం వాటిని తెరవలేదు, క్రోమ్ చూపించదు. ఫైలు పేరు చివర జేపీజీ అని మార్చినంత మాత్రాన లోపలి సరుకు మారదు. మీ ఖాళీ పెట్టెల్లో కొన్నింటికి కారణం ఇదే కావచ్చు. తేల్చుకునే దారి కింద రాశాం.

సైజు దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. ఫోను ఫొటో 3000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల ఎత్తు, 3 నుంచి 5 మెగాబైట్లు ఉంటుంది. మీకు కావలసింది 450 వెడల్పు, 600 ఎత్తు. 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు ఉండే గుర్తింపు కార్డు ఫొటోను అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చు వేయాలంటే 413 బై 531 పిక్సెళ్లు చాలు. 450 బై 600 అందుకు సరిపోయి కాస్త మిగులుతుంది. ఫోను ఫొటో నిష్పత్తి కూడా 3కి 4 కాబట్టి అంచులు కత్తిరించే పనుండదు. జేపీజీ నాణ్యత 85 దగ్గర పెడితే సాదా గోడ ముందు తీసిన ముఖం సాధారణంగా 40 నుంచి 80 కిలోబైట్లలో ఒదుగుతుంది. ఒక్కొక్కటి 70 అనుకున్నా 1,100 మందికి 77 మెగాబైట్లు. అసలు ఫొటోలనే ఎక్కిస్తే 4 గిగాబైట్లు దాటుతుంది. అంతకన్నా ముందు, 40 మంది ప్రోగ్రెస్ కార్డులను ఒకే పీడీఎఫ్‌గా తీసిన రోజున 150 మెగాబైట్ల ఫైలు చేతికొస్తుంది, ప్రింటరు మొరాయిస్తుంది.

కుదించే పనికి ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. (ఇక్కడి కమాండ్లు, సెట్టింగుల పేర్లు చదవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం. టైపు చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే.) అందులోని మోగ్రిఫై కమాండుకు ఈ వరుసలో ఆప్షన్లు ఇవ్వండి: పాత్ అని రాసి ఖాళీ ఫోల్డరు పేరు, ఆటో-ఓరియెంట్, రీసైజ్ 450 బై 600, స్ట్రిప్, క్వాలిటీ 85. పాత్ మరిచిపోతే అసలు ఫొటోల మీదే రాసేస్తుంది, వెనక్కి తెచ్చుకోలేరు. ఆటో-ఓరియెంట్ అనేది స్ట్రిప్‌కు ముందే రావాలి. ప్రోగ్రెస్ కార్డులో ఫొటో పడుకోవడానికి మూలం అక్కడుంది. ఫోను నిలువుగా పట్టుకుని తీసినా చాలాసార్లు పిక్సెళ్లు అడ్డంగానే భద్రమవుతాయి. 'చూపించేటప్పుడు తిప్పు' అనే గుర్తు ఒకటి ఫొటో ఫైలు లోపల దాగి ఉండే ఎగ్జిఫ్ సమాచారంలో ఉంటుంది. 2020 నుంచి క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఆ గుర్తును చదివి తిప్పి చూపిస్తున్నాయి. జీడీగానీ, పాత పీడీఎఫ్ తయారీ పనిముట్లుగానీ దాన్ని పట్టించుకోవు. తెర మీద నిలువు, కాగితం మీద అడ్డం. ఆటో-ఓరియెంట్ పిక్సెళ్లనే తిప్పేస్తుంది, ఆ తర్వాత స్ట్రిప్ గుర్తును చెరిపేస్తుంది. లొకేషన్ సమాచారమేదైనా ఉంటే అదీ దాంతోపాటే పోతుంది. వరుస తిరగబడితే గుర్తు ముందే పోయి ఫొటో శాశ్వతంగా పడుకుంటుంది.

ఫొటోగ్రాఫరు ఇచ్చినవాటిలో రంగులు తేడాగా, నెగటివ్‌లా కనిపిస్తే అవి అచ్చు కోసం సీఎంవైకే రంగుల్లో దాచినవి. అదే మోగ్రిఫైకి కలర్‌స్పేస్ ఎస్ఆర్‌జీబీ (తెరలకు వాడే రంగుల పద్ధతి) అని కూడా కలిపితే చాలావరకు సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఎస్ఆర్‌జీబీలోనే దాచి మళ్లీ ఇమ్మని ఆయన్నే అడగండి.

ఇప్పుడు 40లో 20 లెక్క. పీహెచ్‌పీలో మ్యాక్స్ ఫైల్ అప్‌లోడ్స్ అనే సెట్టింగు మామూలుగా 20. అంతకు మించి పంపినవాటిని వదిలేస్తుంది, తెర మీద ఎవరికీ చెప్పదు. మీ ఫోను ఫొటోలు ఒక్కటీ ఎక్కకపోవడానికి కారణాలు వేరే రెండు: ఒక్కో ఫైలుకు హద్దు అప్‌లోడ్ మ్యాక్స్ ఫైల్‌సైజ్, మామూలుగా 2 మెగాబైట్లు. ఫారం మొత్తానికి హద్దు పోస్ట్ మ్యాక్స్ సైజ్, 8 మెగాబైట్లు. ఈ రెండో హద్దు దాటితే పీహెచ్‌పీ ఫారంలోని సమాచారమంతా పారేసి, ఖాళీ ఫారం వచ్చినట్టు సాఫ్ట్‌వేర్‌కు అందిస్తుంది. అందుకే ఎర్రర్ లేదు, ఏమీ జరగనట్టు అదే పేజీ మళ్లీ తెరుచుకుంటుంది. వాట్సాప్ ఫొటోలు చిన్నవి కాబట్టి ఈ రెండు హద్దులూ దాటలేదు, లెక్క దగ్గర మాత్రమే ఆగాయి.

హద్దులు పెంచండి, కానీ అదే మందు అనుకోకండి. ఫైలుకు 10 మెగాబైట్లు, ఫారానికి 64, ఫైళ్ల సంఖ్య 50, మెమరీ లిమిట్ 256 పెడితే మీ అవసరానికి ఎక్కువే. మెమరీ ఎందుకంటే, 4 మెగాబైట్ల జేపీజీని విప్పితే పిక్సెలుకు 4 బైట్ల చొప్పున 1.2 కోట్ల పిక్సెళ్లకు 48 మెగాబైట్లు పడుతుంది. తిప్పడానికి రెండో ప్రతి చేస్తే 96. మామూలు హద్దు 128 కాబట్టి అంచున నడుస్తుంటుంది. 5 కోట్ల పిక్సెళ్ల ఫోను ఫొటో ఒకటి వచ్చిందా, తెల్ల పేజీ ఖాయం. వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ అయితే దానికి సొంత హద్దు ఇంకొకటి ఉంది: క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్, మామూలుగా 1 మెగాబైటే. అది దాటితే 413 ఎర్రర్ వస్తుంది. దాన్నీ 64 చేయండి.

మార్చినా ఫలితం లేదంటే, దాదాపు ప్రతిసారీ వేరే ఫైలు మార్చి ఉంటారు. ఉబుంటులో కమాండ్ లైనుకు ఒక పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ, వెబ్‌కు మరొకటి ఉంటాయి. పీహెచ్‌పీ ఇన్ఫో పేజీ తెరిచి 'లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్' అన్నచోట ఏ దారి ఉందో ఆ ఫైలే మార్చాలి. తర్వాత అపాచీ వెబ్ సర్వర్‌నో, పీహెచ్‌పీని నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం సేవనో మళ్లీ మొదలుపెట్టాలి. పని అయ్యాక ఆ ఇన్ఫో పేజీ తీసేయండి, సర్వర్ గుట్టంతా అందులో ఉంటుంది.

మొదటిసారి 1,100 ఫొటోలను వెబ్ ఫారంతో ఎక్కించడం అనవసర శ్రమ. నేరుగా కాపీ చేయాలన్న మీ ఆలోచన సరైనదే, దానికి ముందు ఒక పరీక్ష తప్పింది. సాఫ్ట్‌వేర్ ఏ ఫోల్డరులో, ఏ పేరుతో వెతుకుతుందో ఊహించకండి. ఒక ఉత్తుత్తి విద్యార్థిని నమోదు చేసి తెర మీదనుంచే ఒక ఫొటో ఎక్కించండి. వెంటనే ఫైండ్ కమాండుకు ఎంమిన్ -5 అని ఇస్తే గత 5 నిమిషాల్లో మారిన ఫైళ్లు వస్తాయి. ఆ ఫొటో ఎక్కడ పడింది, పేరు ఏమైంది, అక్షరాలు చిన్నవా పెద్దవా, యజమాని ఎవరు, అన్నీ అక్కడ కనిపిస్తాయి. విద్యా సంవత్సరం పేరుతో ఉపఫోల్డరు ఉండొచ్చు. సంఖ్య చివర ఊహకందని అక్షరాల తోక ఉండొచ్చు. ఆ తోక ఉంటే ఫైలు పేరు డేటాబేస్‌లో కూడా రాసుకుందేమో చూడాలి. రాసుకుంటే ఉత్త కాపీ చాలదు, సాఫ్ట్‌వేర్‌లోని దిగుమతి సదుపాయం ద్వారానే వెళ్లాలి. సంవత్సరం ఫోల్డర్లుంటే ఇంకో ప్రశ్న: కొత్త సంవత్సరం తెరిచాక ఫొటో లేకపోతే నిరుటి ఫోల్డరులో వెతుకుతుందా? ఆ ఉత్తుత్తి విద్యార్థినే పై సంవత్సరానికి పంపి చూడండి. వెతక్కపోతే కొత్త ఏడాది మొదటి రోజున 1,100 ఖాళీ పెట్టెలు వస్తాయి.

ఖాళీ పెట్టె వచ్చినచోట ఊహాగానాలు వద్దు. దాని మీద కుడి క్లిక్కు చేసి ఫొటోను కొత్త ట్యాబులో తెరవండి. 404 వస్తే ఆ పేరుతో ఫైలు లేదు. 403 వస్తే ఉంది కానీ చదివే హక్కు లేదు. ఏ ఎర్రరూ లేకుండా విరిగిన బొమ్మ వస్తే ఫైలు అందింది, లోపల ఉన్నది జేపీజీ కాదు.

404లో సింహభాగం పేరు చివరి అక్షరాలదే. విండోస్‌కు పెద్ద అక్షరాల జేపీజీ, చిన్న అక్షరాల జేపీజీ ఒకటే. లినక్స్‌కు రెండు వేర్వేరు ఫైళ్లు. కెమెరాలు తరచూ పెద్ద అక్షరాలు పెడతాయి. మూడక్షరాలకు బదులు నాలుగక్షరాల జేపీఈజీ ఉన్నా అంతే. విండోస్ ఫైలు పేరు చివరి భాగాన్ని దాచిపెడుతుంది కాబట్టి చేత్తో పేరు మార్చినవాళ్లు దాన్ని మళ్లీ టైపు చేసి '1042 డాట్ జేపీజీ డాట్ జేపీజీ' చేసి ఉంటారు. మ్యాక్‌లో జిప్ చేసి తెస్తే ప్రతి ఫొటోకూ చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే జంట ఫైలు ఒకటి వస్తుంది. అవి ఫొటోలు కావు, తీసేయండి.

403 అంటే హక్కుల సంగతి. మీరు రూట్‌గా (సర్వర్ మీద అన్ని అధికారాలూ ఉన్న యూజరుగా) కాపీ చేశారు కాబట్టి ఫైళ్ల యజమాని రూట్. ఉబుంటులో వెబ్ సర్వర్ 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా' అనే యూజరుగా నడుస్తుంది. ఆ యూజరు వాటిని చదవలేకపోవచ్చు. చదవగలిగినా, రేపు ఉపాధ్యాయులు తెర మీదనుంచి కొత్త ఫొటో పెడితే పాతదాని మీద రాయలేదు. యజమానిని ఆ వెబ్ సర్వర్ యూజరుగా మార్చి, ఫోల్డర్లకు 750, ఫైళ్లకు 640 ఇవ్వండి (యజమానికి రాసే హక్కు, గ్రూపుకు చదివే హక్కు, మిగతావాళ్లకు ఏదీ లేదు). 777 (అందరికీ అన్ని హక్కులూ) ఇవ్వమనే సలహా ఎక్కడైనా కనిపిస్తే దాటిపోండి. అది తాళం తీసి గుమ్మంలో పెట్టడమే. ఫైలుకు హక్కులున్నా పై ఫోల్డర్లలో ఏదో ఒకటి అడ్డుపడొచ్చు. నేమ్‌ఐ కమాండుకు ఎల్ ఆప్షనుతో పూర్తి దారి ఇస్తే ప్రతి మెట్టు హక్కులూ వరుసగా చూపిస్తుంది, ఎక్కడ తెగిందో వెంటనే తెలుస్తుంది. విరిగిన బొమ్మకు ఫైల్ అనే కమాండు ఉంది. పేరుతో సంబంధం లేకుండా లోపలున్నది చదివి జేపీజీయో, హెచ్ఈఐసీయో, పీఎన్‌జీయో చెప్పేస్తుంది.

డేటాబేస్‌లోనా, ఫోల్డరులోనా అన్నారు. సాఫ్ట్‌వేర్ ఎంచుకునే వీలిస్తే ఫోల్డరే. డేటాబేస్‌లో పెడితే అన్నీ ఒకేచోట ఉంటాయన్న వాదన నిజమే. కానీ మార్కులు మాత్రమే ఉన్న డేటాబేస్ బ్యాకప్ చిన్నది, తరచూ తీసుకోగలం, సెకన్లలో తిరిగి ఎక్కుతుంది. ఫొటోలు కలిపితే ఏటా బరువెక్కుతుంది. మీ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ రకమైతే ఇంకో ఉచ్చుంది: బ్లాబ్ రకం గడిలో 65,535 బైట్లే పడతాయి. కట్టుదిట్టంగా తనిఖీ చేసే మోడ్ ఆపి ఉంటే మిగతాది కత్తిరించి మౌనంగా దాచుకుంటుంది. పై సగం ముఖం, కింది సగం బూడిద రంగు, అలాంటి ఫొటో కనిపిస్తే కారణం అదే కావచ్చు. అక్కడ మీడియంబ్లాబ్ కావాలి.

ఫోల్డరును సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోల్డరు లోపల ఉంచకండి. కొత్త వెర్షన్ వేసేటప్పుడు పాత ఫోల్డరు తీసేసి కొత్తది పెడతారు, ఫొటోలు దాంతో పోతాయి. డాకర్‌లో (సాఫ్ట్‌వేర్‌ను కంటెయినరు అనే విడి పెట్టెలో నడిపే పద్ధతి) నడుపుతుంటే వాల్యూమ్, అంటే పెట్టె బయటి శాశ్వత చోటు, కట్టని ఫోల్డరు కంటెయినరును కొత్తగా చేసినప్పుడల్లా ఖాళీ అవుతుంది. సర్వర్‌లో వేరే చోట ఒక ఫోల్డరు చేసి, కాన్ఫిగరేషన్ ఫైల్లో ఫొటోల దారిని అక్కడికి మార్చండి. పీహెచ్‌పీలో ఓపెన్ బేస్‌డిర్ హద్దు (ఏ ఫోల్డర్లు తెరవొచ్చో చెప్పేది) పెట్టి ఉంటే కొత్త దారిని అందులో చేర్చాలి. రెడ్‌హ్యాట్ కుటుంబపు లినక్స్ సర్వర్లకు ఎస్ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ గుర్తు కూడా మార్చాలి, మీ ఉబుంటుకు ఆ బాధ లేదు. 1,100 ఫైళ్లు ఒకే ఫోల్డరులో ఉంటే నెమ్మదిస్తుందేమోనని తరగతులవారీగా విడగొట్టకండి. ఉబుంటు డిస్కులో ఫైళ్లను దాచే ఈఎక్స్‌టీ4 పద్ధతికి వేల ఫైళ్లు లెక్కలోకి రావు, తరగతి మారినప్పుడల్లా ఫైళ్లు జరిపే పని మాత్రం మీ నెత్తినపడుతుంది.

ఫోల్డరు మార్చాక తెర మీద ఫొటో వచ్చి ప్రోగ్రెస్ కార్డులో మాత్రం మాయమైతే, పీడీఎఫ్ చేసే పనిముట్టు ఆ చోటుకు వెళ్లలేకపోతోంది. ఆ పనిముట్టు డబ్ల్యూకేహెచ్‌టీఎంఎల్‌టుపీడీఎఫ్ అయితే 0.12.6 వెర్షన్ నుంచి సర్వర్‌లోని సొంత ఫైళ్లను చదవడం మామూలుగా ఆపేసి ఉంటుంది. అలౌ అనే ఆప్షనుకు ఫొటోల ఫోల్డరు ఒక్కటే ఇవ్వండి, మొత్తం తెరవకండి.

బయటివాళ్లు చూస్తారా అన్నది ఒక్క నిమిషంలో తేల్చుకోవచ్చు. లాగిన్ అయి ఒక ఫొటో చిరునామా కాపీ చేసి, బ్రౌజరు ప్రైవేట్ విండోలో లాగిన్ లేకుండా తెరవండి. తెరుచుకుంటే 1042 బదులు 1043 కొట్టి ఎవరైనా బడి మొత్తాన్నీ చూడగలరు. ఫొటోలు వెబ్ ఫోల్డరు బయట ఉండి, లాగిన్ సరిచూసి అందించే పేజీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే ఈ సమస్య రాదు. అలాంటి పేజీ లేక ఫొటో చిరునామానే నేరుగా పేజీలో పెట్టే సాఫ్ట్‌వేర్ అయితే ఫోల్డరును మూసేస్తే ఉపాధ్యాయులకూ కనిపించవు. అప్పుడు ఫైలు పేర్లకు కనీసం 16 అక్షరాల యాదృచ్ఛిక తోక ఉండాలి, ఫోల్డరు జాబితా చూపించడం ఆపాలి, కుదిరితే సర్వర్ బడి నెట్‌వర్కుకే పరిమితం కావాలి. ఏ పద్ధతైనా ఫొటోల ఫోల్డరులో పీహెచ్‌పీ నడవకూడదు. ఫొటో పేరుతో ఎవరైనా స్క్రిప్టు ఎక్కిస్తే సర్వరే పోతుంది. దాన్ని అడ్డుకునే నియమం వెబ్ సర్వర్ సెట్టింగుల్లో రాశాక ఒక పీహెచ్‌పీ ఫైలు అందులో పెట్టి తెరిచి చూడండి, 403 రావాలి. ఫోల్డరులోనే ఉండే డాట్ హెచ్‌టీయాక్సెస్ అనే నియమాల ఫైల్లో రాసి ఊరుకుంటే ఎన్‌జిన్‌ఎక్స్ దాన్ని చదవనే చదవదు. అపాచీ 2.4 కూడా అలౌ ఓవర్‌రైడ్ తెరిస్తేనే చదువుతుంది.

అన్నీ ఎక్కాక ప్రతి సెక్షనుకూ ఒక కాగితం అచ్చు వేయండి: 40 ముఖాలు, కింద పేరు, నంబరు. ఫోల్డరులోంచి కాదు, సాఫ్ట్‌వేర్‌లోని తరగతి జాబితాలోంచే తీయాలి. అప్పుడే కెమెరా నుంచి తెర దాకా మొత్తం దారి పరీక్షకు నిలిచినట్టు. క్లాస్ టీచరు చూసి సంతకం పెట్టాలి. మీరు చూస్తే సరిపోదు, 1,100 ముఖాలు మీకు తెలియవు. కవలలున్న సెక్షన్లలో ఆ పిల్లలనే పిలిచి చూపించండి. తప్పు సరిచేశాక కూడా పాత ముఖమే కనిపిస్తే కంగారుపడకండి, బ్రౌజరు దాచుకున్న కాపీ అది. కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కితే పోతుంది.

బ్యాకప్‌కు ఒక మాట: డేటాబేస్ బ్యాకప్‌లో ఫొటోలు ఉండవు. రెండూ ఒకే రాత్రి, వెంటవెంటనే తీయాలి. రాత్రికో 80 మెగాబైట్లే కాబట్టి ఫోల్డరు మొత్తాన్నీ తేదీ వేసి కట్టేసి 30 రోజులవి ఉంచుకోండి, రెండున్నర గిగాబైట్లు దాటదు. ఫోల్డర్లను కాపీ చేసే ఆర్‌సింక్ కమాండు వాడుతూ డిలీట్ ఆప్షను పెట్టుకుంటే పొరపాటున ఖాళీ అయిన ఫోల్డరు బ్యాకప్‌నూ ఖాళీ చేస్తుంది. వేరే యంత్రంలో తిరిగి ఎక్కించి, అయిదుగురి పేజీలు తెరిచి ముఖాలు చూశాకే బ్యాకప్ ఉందనుకోండి.

బడి వదిలిన పిల్లల ఫొటోలు ఎన్నాళ్లు ఉంచుతారో తల్లిదండ్రుల అనుమతి పత్రంలోనే రాయండి, గడువు అయ్యాక తీసేయండి. సంవత్సరం ఫోల్డర్లుంటే ఒకే విద్యార్థి ఫొటో అయిదారు చోట్ల ఉంటుంది, శాశ్వత సంఖ్యతో ఫైండ్ చేసి అన్నీ తీయాలి. 30 రోజుల తర్వాత బ్యాకప్‌లలోంచి కూడా దానంతటదే పోతుంది. ఫొటోగ్రాఫరు మెమరీ కార్డులోనూ, బడి ఫోనులోనూ, వాట్సాప్ గ్రూపులోనూ మిగిలిన అసలు ఫొటోలను మాత్రం ఎవరో ఒకరు చేత్తో తుడవాలి. ఎవరు తుడిచారో, ఏ తేదీన తుడిచారో రిజిస్టరులో రాయించండి.